ఇద్దరికీ ఒకటే దగ్గు

దూది ఏకే మిషను తిరుగుతూనే ఉంది, దాని నోట్లో దూది మాత్రం పడటం లేదు. ఖాళీగా తిరిగే మిషను చప్పుడే వేరు. వెనక గోడ దగ్గర కూర్చుని పరుపు అంచు కుడుతున్న ఆమెకి ఆ తేడా వెంటనే తెలిసింది. దబ్బనం గుడ్డలోనే గుచ్చి వదిలేసి తల తిప్పింది.

మేస్త్రీ, ఆమె మొగుడు, మిషను పక్కన మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. ఒక చెయ్యి నేల మీద, ఒక చెయ్యి గుండె మీద. దగ్గడం లేదు. దగ్గడానికి కావలసిన గాలి కూడా లోపల లేనట్టు నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

ఆమె ముందు స్విచ్చి దగ్గరికి పరిగెత్తింది. ముందు మిషను, తర్వాత మనిషి. పెళ్ళయి వచ్చిన కొత్తలో మొగుడు నేర్పిన మొదటి పాఠం అది. మిషను ఆగాక అతని పక్కన కూర్చుని మొహానికి అంటుకున్న దూది నూగు తుడిచింది. నూగు కింద పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఏమయ్యా, ఇటు చూడు."

చూశాడు.

ముందు గదిలో గుడ్డ కత్తిరిస్తున్న మరిది కత్తెరతో సహా లోపలికి వచ్చాడు. వస్తూనే చెయ్యి అలమర మీదికి పోయింది. అక్కడ ఎప్పుడూ ఒక దగ్గు మందు సీసా ఉంటుంది. ఆ షాపులో పనిచేసే అందరికీ అదొక్కటే సీసా, మూతతోనే కొలత. ఎవరు ఎక్కువ దగ్గితే వాళ్ళకి ముందు. అయిపోతే మలుపు దగ్గర మందుల షాపుకి వెళ్ళి నిలబడితే చాలు, ఎవరికని అడగకుండానే షాపాయన అదే సీసా తీసి ఇస్తాడు. దూది పనిలో ఉన్నవాళ్ళు దగ్గుతారు. కొలిమి దగ్గర ఉన్నవాళ్ళకి చేతులు కాలినట్టే ఇదీనూ. దానికి డాక్టరెందుకని అందరూ అనుకునేవాళ్ళే.

"ఒక మూత తాగన్నా," అన్నాడు మరిది.

"సీసా అవతల పెట్టు," అంది ఆమె. "బండి తీసుకురా."

పరుపులు చేరవేసే మూడు చక్రాల బండి అది. దాంట్లో ఒక కొత్త పరుపు వేసి, దాని మీద అతన్ని పడుకోబెట్టారు. ఆమె సంచిలో దుప్పటి, గ్లాసు, అతని చొక్కాలు కుక్కింది. చివరగా తన తలగడ పక్కనున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా కూడా వేసుకుంది. కొంతకాలంగా అతను పడుకోబోయే ముందు దాంట్లోంచి ఒక మాత్ర తీసి ఆమె చేతిలో పెడుతున్నాడు. దుమ్ముకి కొత్తగా వచ్చిన మందు అన్నాడు. "మరి నీకో?" అంటే, "నాది పొద్దున్నే అయిపోయింది, నువ్వు లేవకముందే," అన్నాడు. వేసుకుంటే కాస్త తల తిరిగేది, పిచ్చి పిచ్చి కలలు వచ్చేవి. అయినా ఆమె మానలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడు తనంతట తాను గుర్తుపెట్టుకుని తెచ్చిన వస్తువు అదొక్కటే.

బండి కదిలాక అతను పరుపు అంచుని వేళ్ళతో తడిమాడు.

"ఇది... టైలరమ్మ పరుపు కదే," అన్నాడు మెల్లగా. "సాయంత్రానికి ఇస్తానని చెప్పా."

"ఇస్తాంలే. నువ్వు దిగాక."

*

డాక్టరమ్మ అతన్ని చూడగానే గుర్తుపట్టింది. అది అతని భార్యకి నచ్చలేదు. ఎప్పుడూ జ్వరానికి కూడా ఆస్పత్రి గడప తొక్కని మనిషిని డాక్టరు ఎలా గుర్తుపడుతుంది?

"మాత్రలు రోజూ వేసుకుంటున్నారా?" అని అడిగింది డాక్టరమ్మ, గుండె మీద గొట్టం ఆనించి వింటూ.

అతను ఒకసారి భార్య వైపు చూశాడు. "వేసుకుంటున్నానమ్మా."

"రోజూ?"

"రోజూ."

డాక్టరమ్మ ఇంకేదో అడగబోయి, ఆమె వైపు చూసి ఆగిపోయింది. నర్సుకి చెప్పి ఆక్సిజన్ పెట్టించింది. వార్డులో చివరి మంచం ఇచ్చారు. పక్క మంచానికీ దీనికీ మధ్య ఇంకో మంచం పట్టేంత జాగా వదిలారు. మిగతా మంచాలన్నీ ఒకదానికొకటి రాసుకుంటున్నాయి.

మాస్కు పెట్టాక అతనికి కొంచెం ప్రాణం వచ్చింది. కింద పరుపుని అరచేత్తో నొక్కి చూశాడు.

"ఈ పరుపు కుట్టినవాణ్ణి పిలవండి," అన్నాడు మాస్కు లోంచి. "నాకంటే ముందు వాడికి వైద్యం చెయ్యాలి. అన్నీ ఉండలే."

నర్సు నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఆస్పత్రిలో అతని మాటకి ఆమె నవ్విన నవ్వు అదొక్కటే.

మధ్యాహ్నం వార్డు ఆయా నీళ్ళు తెచ్చింది. అందరి మంచాల దగ్గరా మామూలుగా పోసుకుంటూ వచ్చి, చివరి మంచం రాగానే ఆగింది. జేబులోంచి చేతి తొడుగులు తీసి వేసుకుంది. వాటి మీద ఇంకో జత వేసుకుంది. కూజాని గ్లాసుకి తగలనివ్వకుండా జానెడు ఎత్తునుంచి నీళ్ళు పోసింది. సగం దుప్పటి మీద పడ్డాయి.

"ఏంటమ్మా అది, చెట్టుకి పోసినట్టు?" అంది ఆమె.

ఆయా తొడుగులు విప్పి బుట్టలో పడేసి, పక్క మంచం దగ్గరున్న ముసలావిడ చెవిలో ఏదో చెప్పింది. ముసలావిడ తన పళ్ళ సంచి తీసి అవతలి వైపు పెట్టుకుంది.

ఆమె తడిసిన దుప్పటి మార్చింది. నాలుగు మూలలూ పరుపు కిందికి దోపింది, పరుపు పని వాళ్ళకి మాత్రమే వచ్చే పద్ధతిలో, ఒక్క ముడత లేకుండా. దోపుతూనే అడిగింది.

"ఏం జబ్బు నీది?"

"ఊపిరితిత్తుల్లో నిమ్ము."

"నిమ్ముకి రెండు జతల తొడుగులు వేసుకుంటారా?"

అతను కళ్ళు మూసుకున్నాడు. ఆమె వదల్లేదు. మూల దోపడం అయిపోయినా అక్కడే వంగి నిలబడింది.

"డాక్టరమ్మకి నువ్వెలా తెలుసు?"

కళ్ళు తెరవకుండానే చెప్పాడు. మూడే ఇంగ్లీషు అక్షరాలు. ఆటోల వెనక, బస్టాండు గోడల మీద, ఎర్ర రిబ్బను బొమ్మ పక్కన ఆమె చాలాసార్లు చూసిన అక్షరాలు. అవి వేరే ఎవరికోసమో రాశారని అనుకుంది ఇన్నాళ్ళూ.

ఆమె చేతులు దుప్పటిని మళ్ళీ బయటికి లాగాయి. మళ్ళీ దోపాయి.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"చలి మొదలవక ముందు. దగ్గు తగ్గట్లేదని ఒకసారి వచ్చా, నీకు చెప్పకుండా."

"ఎవత్తె?"

"అడగకు. అడిగితే అబద్ధం చెప్పాల్సొస్తుంది. ఇప్పుడు అబద్ధాలు చెప్పే ఓపిక లేదే."

ఆమె స్టూలు మీద కూర్చుంది. వార్డంతా తన వీపునే చూస్తున్నట్టుంది.

"అయితే నాకూ వచ్చుంటుంది."

"రాదు."

"నువ్వేమైనా డాక్టరువా?"

"రాదన్నానా," అన్నాడు. తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, "నీ దుమ్ము మాత్రలు తెచ్చుకున్నావా? ఈ గొడవలో వేసుకోవడం మానకు."

"నువ్వు ఇలా పడుంటే నా దగ్గు గురించా?"

"వేసుకో," అన్నాడు. అంత గట్టిగా అతను మాట్లాడటం ఆ రోజు అదే మొదలు, అదే చివర.

*

మర్నాడు డాక్టరమ్మ ఆమెని వరండాలోకి పిలిచింది. భర్త నిజం చెప్పేశాడని తెలిశాక డాక్టరమ్మ గొంతులో దాపరికం పోయింది. తొందర మాత్రం పోలేదు.

"చూడమ్మా, ఈ జబ్బుకి మందుంది. రోజుకో మాత్ర వేసుకుంటే నీలా నాలా బతికేయొచ్చు. మీ ఆయన రోజూ వేసుకుంటున్నానంటున్నాడు. రక్తం చూస్తే ఒక్క మాత్ర కూడా లోపలికి పోనట్టుంది. నాకు నిజం తెలియాలి."

"వేసుకుంటున్నా అన్నాడు కదమ్మా."

"నువ్వు చూశావా?"

ఆమె ఆలోచించింది. పొద్దున్నే, తను లేవకముందే. "లేదు."

"వేసుకున్నా పని చేయలేదంటే జబ్బు మందుకి లొంగట్లేదని అర్థం. వేరే మందులు పెట్టాలి, అవి చాలా గట్టివి, ఈ స్థితిలో తట్టుకోలేడు. అసలు వేసుకోలేదంటే ఆ పాత మాత్రే ఇప్పుడు మొదలుపెట్టొచ్చు. రెండింటిలో ఏదో తెలియకుండా నేను చీకట్లో రాయి వేయలేను. నువ్వడుగు. నీకు చెప్తాడు." కొంచెం ఆగి, "నువ్వూ పరీక్ష చేయించుకోవాలి. నిన్ను తీసుకురమ్మని ఆయనకి ఎన్నిసార్లు చెప్పానో," అంది.

ఆమె లోపలికి వచ్చి అడిగింది. ఒట్టేయమంది. వేశాడు. రోజూ వేసుకున్నానన్నాడు, కళ్ళు పైకప్పు మీద పెట్టి.

ఆ పూట అతనికి ఎగశ్వాస ఎక్కువైంది. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోయి మళ్ళీ బయటికి వస్తోంది. మాస్కులో తెల్లటి ఆవిరి వస్తూ పోతూ ఉంది. ఆమె చూస్తూ కూర్చోలేకపోయింది. పనికి అలవాటుపడ్డ చేతులు. సంచి తీసి సర్దింది. డబ్బా చేతికి తగిలింది.

డాక్టర్ల మాత్రలు ఇతనికి పనిచేయలేదు. దుమ్ము మాత్రలు తనకి పనిచేశాయి, కొంచెమైనా. ఇద్దరూ పీల్చింది ఒకటే దుమ్ము. దగ్గింది ఒకటే దగ్గు. ఏ సీసా అయినా ఇద్దరూ తాగినదే. అతనికి ఎక్కువగా ఉంది కాబట్టి ఇప్పుడు అతనికి ముందు.

ఒక మాత్ర తీసి, గ్లాసులో నీళ్ళు పోసి, మాస్కు పక్కకి జరిపింది.

"నోరు తెరువు."

అతను తెరవబోయాడు. మాత్ర చూశాడు. పెదవులు బిగించేశాడు.

"నాదేలే, దుమ్ముది. ఒకటి వేసుకుంటే పోయేదేముంది?"

తల అడ్డంగా ఊపాడు. ఆమె గడ్డం పట్టుకుంది. అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మంచం మీంచి లేవలేని మనిషికి అంత బలం ఎక్కడిదో, వేళ్ళు ఎముకలోకి దిగాయి.

"అది నీది," అన్నాడు. "నీకు ఇంకా తగ్గలేదు."

"నాకు తగ్గకపోతే ఏంటయ్యా, నీ పని చూసుకో ముందు."

"నీకు ఇంకా తగ్గలేదే..."

గ్లాసు దొర్లింది. ఆ చప్పుడుకి నర్సు వచ్చింది.

"బయటి మందులు పెట్టకూడదని చెప్పానా లేదా? ఇలా ఇవ్వు." నర్సు మాత్ర తీసుకుని, విసుగ్గా చూసి, మళ్ళీ చూసింది. డబ్బా అందుకుంది. పైన కాగితం గీకేసి ఉంది. మూత తీసి లోపల చూసింది. మొహంలో విసుగు మెల్లగా తుడిచిపెట్టుకుపోయింది.

"ఇవి ఎవరు వేసుకుంటున్నారమ్మా?"

"నేను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"చలికి ముందు నుంచి. దుమ్ముకి. ఈయనే తెచ్చాడు."

నర్సు మంచం మీద మనిషిని చూసింది. అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

*

డాక్టరమ్మ వచ్చి మంచం అంచు మీదే కూర్చుంది. తొడుగులు లేకుండా అతని చెయ్యి పట్టుకుంది.

"ఎందుకిలా చేశావయ్యా?" అంది. కోప్పడుతోందో బతిమాలుతోందో తెలియని గొంతు.

ఒక్కో ముక్కకీ ఊపిరి వెతుక్కుంటూ చెప్పాడు.

"తీసుకురమ్మన్నారు. తీసుకొస్తే... చెప్పాలి. చెప్పకుండానే బాగుచేద్దామనుకున్నా. ఇద్దరిదీ ఒకటే దగ్గు కదమ్మా. నాకుందంటే దానికీ ఉన్నట్టే."

"మరి నీ సంగతి?"

"మొదటి డబ్బా దానికి. అది తగ్గాక నాకు. అలా అనుకున్నా." ఆగాడు. మాస్కు నిండా ఆవిరి. "రెండో డబ్బా తెచ్చా. చూస్తే... అదింకా దగ్గుతోంది."

డాక్టరమ్మ తల దించుకుంది.

అప్పుడే ఆమెకి దగ్గు వచ్చింది. గొంతులో చిన్న గరగర, ఎప్పుడూ ఉండేదే, ఇరవై ఏళ్ళుగా దూది నూగు పీల్చిన గొంతులో ఉండేదే. కొంగు నోట్లో కుక్కుకుని ఆపాలని చూసింది. ఆగలేదు. అతను ఆ దగ్గు వింటూ, చూశారా అన్నట్టు డాక్టరమ్మ వైపు చూశాడు.

అదే పూట ఆమె రక్తం తీశారు. పాత మాత్రే అతనికి ఇప్పుడే మొదలుపెడతానంది డాక్టరమ్మ. నర్సు డబ్బా పట్టుకుని మంచం దగ్గర నిలబడింది. అతను నోరు తెరవలేదు.

"దాని సంగతి తేలాలి ముందు," అన్నాడు.

"మొండి ఘటం," అంది నర్సు, కళ్ళు తుడుచుకుంటూ. "పోయే ముందు కూడా మొగుడి బుద్ధి పోదు వీళ్ళకి."

ఫలితం వచ్చేదాకా ఆమె వరండాలో నిలబడింది. తనకీ ఆ జబ్బు ఉండాలని కోరుకుంది. అలా కోరుకుంటున్నానని తెలిసి భయమేసింది. ఉంటే అతను వృథాగా చేయలేదు. ఉంటే ఆ మాత్రలు ఎక్కడికో ఒకచోటికి చేరినట్టు.

డాక్టరమ్మ గది తలుపు తీసి తానే బయటికి వచ్చింది.

"నీకు లేదమ్మా."

"మాత్రలు వేసుకున్నందుకు పోయిందా?"

"కాదు. ఉంటే మాత్రలు వేసుకున్నా పరీక్షలో కనిపిస్తుంది. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు. కొన్నాళ్ళయ్యాక మళ్ళీ ఒకసారి చూద్దాం, కానీ లేనట్టే."

"మరి నా దగ్గు?"

డాక్టరమ్మ ఆమె జుట్టులో చిక్కుకున్న తెల్లటి నూగుని చూసింది. "అది దుమ్మమ్మా," అంది. "ఉత్త దుమ్ము."

*

వార్డు గుమ్మం నుంచి చివరి మంచం దాకా ఆమె నడిచింది. అతను ఆమె రావడం చూస్తూనే ఉన్నాడు. వార్డులో అందరూ ఆమెనే చూస్తున్నారు. ముసలావిడ పళ్ళ సంచి ఇంకా అవతలి వైపే ఉంది.

"ఏమన్నారు?"

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. అతని నుదుటి మీద చెమట తుడిచింది. వేళ్ళకి గీసుకోని గడ్డం తగిలింది.

"లేదంట."

ఆవిరి వచ్చింది, పోయింది. మాస్కు వెనక పెదవులు కదిలాయి. నవ్వుతున్నాడని అర్థం కావడానికి ఆమెకి సమయం పట్టింది.

"పనిచేసింది," అన్నాడు.

ఆమె గొంతులో మళ్ళీ గరగర మొదలైంది. ఈసారి రానివ్వలేదు. పళ్ళు బిగించి, ఊపిరి బిగబట్టి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా ఆపేసింది.

"అవును," అంది. "పనిచేసింది."

"చెప్పానా."

"చెప్పావు."

"దగ్గు కూడా లేదు నీకిప్పుడు."

"లేదు. తగ్గిపోయింది. ఇక నీ వంతు. నోరు తెరువు."

ఈసారి మారు మాట్లాడకుండా తెరిచాడు. ఆమె మాత్ర నాలుక మీద పెట్టి, చెంచాతో నీళ్ళు పోసింది. మింగడానికి చాలాసేపు పట్టింది. మింగాక, పని ముగించిన మనిషిలా చేతులు రెండూ దుప్పటి మీద పెట్టుకున్నాడు.

దగ్గు ఆపుకోవడం ఆమెకి తెలియదు. జీవితంలో ఎప్పుడూ ఆపుకోలేదు, దూది షాపులో ఎవరాపుకుంటారు? ఆ సాయంత్రమంతా నేర్చుకుంది. గొంతు గరగరమన్నప్పుడల్లా ఏదో పని ఉన్నట్టు లేచి, వరండా దాటి, మెట్ల దగ్గర గోడకి ఆనుకుని దగ్గి, మొహం తుడుచుకుని తిరిగి వచ్చేది.

మర్నాడు మధ్యాహ్నం రెండో మాత్ర నాలుక మీదే ఉండిపోయింది. ఆమె చెంచా పట్టుకుని చూస్తూ ఉంది, మింగుతాడేమోనని. మాస్కులో ఆవిరి పోయింది. మళ్ళీ రాలేదు.

*

మరిది వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆయా అతని చెవిలో కూడా ఏదో చెప్పే ఉంటుంది. అన్నని బండిలోకి ఎక్కించేటప్పుడు దుప్పటి ఒక కొస ఆమె, ఇంకో కొస నర్సు పట్టుకున్నారు. ఆయా ఖాళీ అయిన మంచం మీది పరుపుని కాలితో కిందికి తోసి, కాల్చేయడానికని ఈడ్చుకుపోయింది. లోపల ఉండలు కదులుతున్న చప్పుడు ఆమెకి వినిపించింది.

ఆ తర్వాత అతను కుట్టిన పరుపులు వెనక్కి రావడం మొదలైంది.

ముందు టైలరమ్మది వచ్చింది. అతన్ని మోసుకెళ్ళిన పరుపది, మరిది అప్పటికే ఇచ్చేసి వచ్చాడు. పొద్దున ఆమె తలుపు తీసేసరికి షాపు ముందు గోడకి ఆనించి ఉంది. టైలరమ్మ లేదు. ఆ మధ్యాహ్నానికి ఎదురింటి వాళ్ళది, ఆ వెనక వీధి పంతులమ్మది, కొత్తగా పెళ్ళయిన జంటది. ఎవరూ ఆగి మాట్లాడలేదు. కొందరు మూటకట్టి పడేశారు. కొందరు నాలుగైదేళ్ళు పడుకున్నవి తెచ్చి వదిలేశారు. సాయంత్రానికి గడప కనిపించకుండా పోయింది.

మరిది రోడ్డు అవతల నిలబడి చూస్తున్నాడు. రెండు రోజులుగా లోపలికి రావడం లేదు.

"వదినా," అని పిలిచాడు అక్కణ్ణుంచే. "షాపు వేరే వీధిలో పెట్టుకుందామనుకుంటున్నా. మా ఆవిడ ఊరుకోవట్లేదు. ఏమనుకోకు."

"ఏమీ అనుకోను."

"నీకు... నీకు కూడానా?"

"నాకు లేదు."

"సరేలే," అన్నాడు. నమ్మినవాడి గొంతు కాదది.

ఆమె టైలరమ్మ పరుపుని లోపలికి లాగి, నేల మీద పరిచి, దబ్బనం మొనతో టాకాలు ఊడదీయడం మొదలుపెట్టింది. అన్నీ అతని ముడులు. రెండు చుట్లు తిప్పి, కొసని లోపలికి దాచేసే ముడి. బయటికి ఏమీ కనిపించదు. కోయకూడదు, విప్పాలి. విప్పితే పురికొస మళ్ళీ పనికొస్తుంది.

అవతల మరిది దగ్గడం మొదలుపెట్టాడు. పొడిగా, ఆగకుండా, చెయ్యి మోకాలి మీద పెట్టుకుని. ఆ దగ్గు ఆమెకి బాగా తెలుసు. అది దుమ్ముదగ్గే కావచ్చు. కాకపోవచ్చు. చెవితో విని చెప్పగలనని మొన్నటిదాకా అనుకునేది.

దగ్గు ఆగాక అతను అలవాటుగా చెయ్యి చాచాడు. "వదినా, ఆ సీసా ఇటు విసురు."

ఆమె లేచి అలమర దగ్గరికి వెళ్ళింది. సీసా సగం నిండి ఉంది. మూత మీద అందరి పెదవుల మరకలు. బయటికి వచ్చి, గుమ్మం పక్కనున్న మురిక్కాలువలోకి వంచేసింది. ఎర్రటి మందు నీళ్ళలో కలిసిపోయింది.

"ఏంటది?" అన్నాడు మరిది.

"ఎవరి దగ్గు వాళ్ళది. రేపు నాతో ఆస్పత్రికి రా. రక్తం చూపించుకో. చిన్న సూది."

మరిది అటూ ఇటూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని.

"నాకేం రోగం వదినా, నువ్వు మరీ చెప్తావు," అన్నాడు. "ఇది పని దగ్గు."

మలుపు దగ్గర మందుల షాపు వైపు నడిచాడు. షాపాయన అతన్ని దూరం నుంచే చూసి, ఏమీ అడగకుండా, వెనక్కి తిరిగి సీసా తీశాడు.

ఆమె లోపలికి వచ్చి దబ్బనం అందుకుంది. తర్వాతి ముడి బిగుసుకుపోయి ఉంది. గోటితో గీరింది. పంటితో లాగింది. నూగు గొంతులోకి పోయింది. ఇక ఆపుకోవలసిన అవసరం లేదు. దగ్గుతూ కూర్చుంది.